అరటి టిష్యూకల్చర్ సీసాల్లో మొక్క మొదలు చుట్టూ తెల్లని మబ్బు: యాంటీబయాటిక్ మోతాదు పెంచాలా, మూలం వెతకాలా?

పిలక (పెందుర్తి, విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. పెందుర్తి దగ్గర ఒక చిన్న టిష్యూకల్చర్ ల్యాబులో (మొక్క ముక్క నుంచి సీసాల్లో కొత్త మొక్కలు పెంచే చోట) మొక్కల సంఖ్య పెంచే వర్ధన విభాగం బాధ్యత చూస్తున్నాను. మాది ప్రధానంగా గ్రాండ్ నైన్ అరటి. స్థానిక రైతులు అడుగుతున్నందున కర్పూర చక్కెరకేళిని కూడా కొద్దిగా మొదలుపెట్టాము. కొంతకాలంగా బ్యాక్టీరియా కంటామినేషన్ మమ్మల్ని వదలడం లేదు. అనుభవజ్ఞుల సలహా కోసం వివరంగా రాస్తున్నాను.

పిలక దుంపను మట్టి పోయేదాకా కుళాయి నీటిలో కడిగి, పై పొరలు ఒలిచి, ట్వీన్ 20 (ద్రావణం బాగా అంటుకునేలా చేసే సబ్బు లాంటిది) చుక్కలు కలిపిన సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో 20 నిమిషాలు ఉంచుతాము. ఆ తర్వాత లామినార్‌లో (వడగట్టిన శుభ్రమైన గాలి వీచే పని బల్ల దగ్గర) 0.1 శాతం మెర్క్యూరిక్ క్లోరైడ్‌లో 8 నిమిషాలు ఉంచి, స్టెరైల్ నీటితో మూడుసార్లు కడిగి, మొగ్గభాగాన్ని ఎమ్మెస్ (మురాషిగె-స్కూగ్) పోషక మాధ్యమం మీద పెడతాము. మాధ్యమంలో చక్కెర 3 శాతం, పీహెచ్ 5.8, బీఏపీ (కొత్త పిలకలు పుట్టించే హార్మోను) లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇంతవరకు అందరూ చేసేదే.

మొదటి రెండు సబ్‌కల్చర్ల (మొక్కను కోసి కొత్త మాధ్యమంలోకి మార్చే విడతల) వరకు సీసాలు శుభ్రంగానే కనిపిస్తాయి. మూడోది, నాలుగోది వచ్చేసరికి కొన్ని సీసాల్లో మొక్క మొదలు అగార్‌ను (మాధ్యమాన్ని గట్టిపరిచే జెల్లీని) తాకే చోట, పలుచని మజ్జిగ ఒలికినట్టు తెల్లని మబ్బు కమ్ముతుంది. మొక్క వెంటనే చావదు కానీ ఎదుగుదల మందగిస్తుంది, కింది ఆకులు పసుపుబారతాయి. సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్‌ను లీటరుకు 250 మిల్లీగ్రాముల చొప్పున వేసినప్పుడు ఆ మబ్బు పోయింది. సమస్య తీరిందనుకుని వేర్ల మాధ్యమంలోకి మార్చగానే, అందులో మందు లేనందువల్ల కాబోలు, మళ్ళీ అదే మబ్బు తేలింది.

వానలు మొదలైనప్పటి నుంచి దీనికి తోడు మరొక రకం కూడా కనిపిస్తున్నది. మొక్కకు దూరంగా, అగార్ పైభాగాన, గుండ్రని మీగడ రంగు చుక్కలు అక్కడొకటి అక్కడొకటిగా లేస్తున్నాయి. మోతాదును 500కు పెంచమని మా యాజమాన్యం అంటున్నది. ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే డ్రమ్ము) వేడికి తట్టుకునే ఐసోథయాజోలోన్ రకం ప్రిజర్వేటివ్ ఒకటి దొరుకుతుందనీ, దాన్ని ప్రతి సీసాలో కలిపితే ఏ బాధా ఉండదనీ సరుకు అమ్మేవారు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది సరైనది? లేక మేము చూడవలసినది మరెక్కడైనా ఉన్నదా?

పరవాడ మైక్రో:

నేను మొక్కల మనిషిని కాను. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో సూక్ష్మజీవుల పరీక్షా విభాగంలో పనిచేస్తున్నాను. అయితే మీరు వర్ణించిన తీరునుబట్టి ఒకటి చెప్పగలను. మీరు ఒకే సమస్యగా రాసినవి నిజానికి రెండు వేర్వేరు సమస్యలు. రెండింటికీ కలిపి ఒకే మందు వేస్తే ఏది తగ్గిందో, ఏది తగ్గలేదో మీకే తెలియకుండా పోతుంది.

బ్యాక్టీరియా సీసాలో ఎక్కడ లేచిందన్నదే మొదటి ఆధారం. అగార్ లోపల, పైనా కిందా అంతటా సమానంగా చుక్కలు లేస్తే ఆటోక్లేవ్‌లో చావని స్పోర్లు (బ్యాక్టీరియా గట్టి కవచంలో ఒదిగిన రూపాలు) మాధ్యమంలోనే మిగిలాయని అర్థం. పైభాగాన మాత్రమే, మొక్కతో సంబంధం లేకుండా లేస్తే గాలి నుంచో, చేతి నుంచో, మూత అంచు నుంచో పడ్డాయని అర్థం. ఫోర్సెప్స్ గుచ్చిన గాటు వెంట లేస్తే పనిముట్టును అనుమానించాలి. మొదలు చుట్టూ మాత్రమే మబ్బుపడితే అది మొక్క లోపలి నుంచి వచ్చినది. మీ మొదటి రకం ఈ చివరి కోవలోనిది, దాని గురించి తెలిసినవారు చెబుతారు. నేను రెండో రకానికే పరిమితమవుతాను.

ముందుగా, ప్రతి ఆటోక్లేవ్ విడత నుంచి కొన్ని సీసాలను మొక్క పెట్టకుండా 28 నుంచి 30 డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచి చూడండి. ఎమ్మెస్ మాధ్యమంలో చాలా బ్యాక్టీరియాలు కంటికి కనిపించేంతగా పెరగవు కాబట్టి, అదే విడతలో న్యూట్రియెంట్ అగార్ (బ్యాక్టీరియా బాగా పెరిగే మాధ్యమం) సీసాలు కూడా రెండు పెట్టడం మంచిది. ఎమ్మెస్ శుభ్రంగా ఉండి న్యూట్రియెంట్ అగార్‌లో ఏమైనా లేస్తే లోపం ఆటోక్లేవ్‌లోనే ఉన్నది.

ఆటోక్లేవ్ విషయంలో చిన్న ల్యాబులు తరచుగా మరచే సంగతి ఒకటున్నది. ఒత్తిడి ముల్లు 15 పౌండ్ల దగ్గర నిలిచినంత మాత్రాన లోపల 121 డిగ్రీలు ఉన్నట్టు కాదు. డ్రమ్ములో గాలి మిగిలిపోతే ఆ ఒత్తిడిలో కొంత గాలిది, కొంత ఆవిరిది. ఉష్ణోగ్రత మాత్రం ఆవిరి వాటాను బట్టే ఉంటుంది. కాబట్టి పై వాల్వు నుంచి ముందు గాలి, తర్వాత ఉమ్ములు ఉమ్ములుగా ఆవిరి వచ్చి, చివరకు ఎడతెగని ఆవిరి ధార వచ్చిన తర్వాతే వాల్వును మూయాలి. సీసాలను ఒకదానికొకటి ఆనించి కుక్కితే మధ్యనున్న వాటికి ఆవిరి సరిగా అందదు. సమయాన్ని కూడా ఉష్ణోగ్రత 121కి చేరిన తర్వాతే లెక్కపెట్టాలి. జామ్ సీసాలో 40, 50 మిల్లీలీటర్ల మాధ్యమానికి 20 నిమిషాలు సరిపోవచ్చు, లీటరు ఫ్లాస్కుకు మాత్రం 40 నిమిషాల దాకా పడుతుంది. అతికించే టేపు మీద నల్లని గీతలు వచ్చాయని నిశ్చింతగా ఉండకండి. సీసా వేడిని చూసిందని మాత్రమే ఆ గీతలు చెబుతాయి. స్పోర్లు నిజంగా చచ్చాయో లేదో తెలియాలంటే వేడికి బాగా తట్టుకునే జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ బ్యాక్టీరియా స్పోర్ల పట్టీని డ్రమ్ము మధ్యలో పెట్టి పరీక్షించాలి. మా కంపెనీలో ఇది లేకుండా ఏ విడతనూ అంగీకరించరు.

రెండోది స్పిరిట్. 70 శాతం ఆల్కహాల్ మామూలు బ్యాక్టీరియాను చంపుతుంది, ఆ పని 95 శాతం కంటే బాగా చేస్తుంది, ఎందుకంటే ప్రోటీన్లు గడ్డకట్టడానికి కొంత నీరు అవసరం. కానీ బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా స్పోర్లను అది చంపదు. అవి ఆల్కహాల్‌లో నెలల తరబడి బతికే ఉంటాయి. మీ లామినార్‌లో ఫోర్సెప్స్ ముంచే గ్లాసును రోజంతా వాడి, సాయంత్రం తరిగినంత మేర మళ్ళీ పోసి, మరునాడు కూడా అదే వాడుతున్నారేమో చూడండి. అలాంటి గ్లాసు క్రమంగా స్పోర్ల నిల్వగా మారుతుంది. ముంచిన ఫోర్సెప్స్‌ను మంటకు చూపగానే పైనున్న స్పిరిట్ భగ్గుమని కాలిపోతుంది కానీ, ఆ కాస్త సేపట్లో లోహం స్పోర్లను చంపేంత వేడెక్కదు. గాజుపూసల స్టెరిలైజర్‌ను 250 డిగ్రీల దగ్గర ఉంచి, పనిముట్టును పొడిగా అందులో గుచ్చి పెట్టడం మేలు. స్పిరిట్‌ను 0.22 మైక్రాన్ల ఫిల్టరు గుండా పోనిచ్చి వాడితే ఇంకా మంచిది. అయితే ఆల్కహాల్‌కు తట్టుకునే ఫిల్టరునే ఎంచుకోవాలి.

వానాకాలంలోనే ఎందుకు పెరిగిందన్న దానికి విశాఖ గాలిలోని తేమే సగం జవాబు. ఆటోక్లేవ్ నుంచి తీసిన వేడి సీసా చల్లారేటప్పుడు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ చల్లారడం వరండాలోనో, తడి ఆరని కడుగుడు గదిలోనో జరిగితే పీల్చే గాలి కూడా అక్కడిదే. దూది బిరడాలు వాడుతుంటే అవి తడిసి, సూక్ష్మజీవులు వాటి గుండా మెల్లగా లోపలికి దిగుతాయి. గ్రోత్ రూమ్‌లో కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడు గది వేడెక్కి, మళ్ళీ చల్లబడిన ప్రతిసారీ సీసాలు ఇదే విధంగా ఊపిరి పీలుస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత కరెంటు లేని రోజులు గుర్తున్నవారికి ఇది విడమరచి చెప్పనవసరం లేదు. లామినార్ ముందు ఫిల్టరును ఈ కాలంలో తరచుగా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. పని మొదలుపెట్టే ముందు కనీసం 20 నిమిషాలు ఫ్యాను నడవనివ్వండి. న్యూట్రియెంట్ అగార్ పళ్ళెం ఒకదాన్ని మూత తీసి లామినార్ లోపల అరగంట ఉంచితే గాలి సంగతి తేలిపోతుంది. యూవీ దీపం వెలుగు తాకిన ఉపరితలాన్నే శుభ్రపరుస్తుంది, సీసా నీడలో ఉన్నదానికి అది ఏమీ చేయలేదు.

ఉక్కునగరం మాస్టారు:

అమ్మా, పై సభ్యులు రెండో రకం గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నేను మొదలు చుట్టూ కమ్మే మబ్బు గురించి రాస్తాను. వృక్షశాస్త్రం బోధించి విరమించినవాడిని కనుక కొంచెం విస్తారంగా రాసినా ఓపికగా చదవండి.

అరటి దుంపలో కణాల మధ్య ఖాళీలలోనూ, నీటి నాళాలలోనూ సహజంగానే బ్యాక్టీరియా కాపురముంటుంది. తోటలో మొక్కకు దానివల్ల కీడు లేకపోవచ్చు, కొన్నిటివల్ల మేలు కూడా ఉంటుంది. మెర్క్యూరిక్ క్లోరైడ్ అయినా, హైపోక్లోరైట్ అయినా దుంప పైభాగాన్నే శుభ్రపరుస్తాయి, లోపలికి చేరవు. లోపలికి చేరేంత సేపు ఉంచితే మొగ్గే చచ్చిపోతుంది. కాబట్టి ఆ మందుల సమయాన్ని 8 నుంచి 15 నిమిషాలకు పెంచి చూడాలన్న ఆలోచన మీకు వస్తే దాన్ని అక్కడే ఆపేయండి.

మరి ఈ బ్యాక్టీరియా మొదటి సీసాల్లోనే ఎందుకు కనిపించదు? ఎమ్మెస్ మాధ్యమం మొక్క కోసం కూర్చినది. అందులో లవణాలు ఎక్కువ, పీహెచ్ 5.8, సేంద్రియ నత్రజని దాదాపు లేదు. తటస్థమైన పీహెచ్‌నూ, ప్రోటీన్ ముక్కలనూ కోరుకునే బ్యాక్టీరియాకు అది కరువు నేల. ఆ పరిస్థితిలో అది మొక్క లోపలే కొద్ది సంఖ్యలో ఒదిగి ఉంటుంది. సబ్‌కల్చర్ చేసిన ప్రతిసారీ మీరు దుంపను కోస్తారు, కోసిన చోటి నుంచి రసాలు అగార్‌లోకి ఊరతాయి, ఆ రసాలే దానికి ఆహారం. మూడో విడతకు, నాలుగో విడతకు సంఖ్య పెరిగి కంటికి కనిపిస్తుంది. అందువల్ల మొదటి రెండు సబ్‌కల్చర్లలో సీసాలు శుభ్రంగా ఉన్నాయన్న మీ మాటను, ఇంకా కనిపించలేదు అని మార్చి చదువుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైనది బ్లేడు. ఒక గుబురులో బ్యాక్టీరియా ఉండి, దాన్ని నాలుగుగా కోసి నాలుగు సీసాల్లో పెట్టారనుకోండి. నాలుగూ పాడైనట్టే. అదే బ్లేడుతో పక్క పిలక సంతతిని కోస్తే అదీ పాడవుతుంది. నాలుగో విడతలో మీకు మబ్బు కనిపించే సమయానికి అది ఏ పిలక నుంచి బయలుదేరిందో తెలుసుకునే దారి మూసుకుపోయి ఉంటుంది. కనుక వెతకవలసిన సమయం మొట్టమొదటి సీసా. అప్పుడు ఒక్కొక్క పిలకకు ఒక్కొక్క సీసా మాత్రమే ఉంటుంది, పారేస్తే పోయేది కూడా ఒక్క సీసానే.

దీనికి పద్ధతి ఉన్నది. ప్రతి పిలకకు ఒక సంఖ్య ఇచ్చి, దాని సంతతినంతా చివరి వరకు అదే సంఖ్యతో వేరుగా నడపండి. మొదటి సబ్‌కల్చర్‌లో మొక్క మొదలు నుంచి పలుచని ముక్క కోసి, బ్యాక్టీరియాకు ఇష్టమైన మాధ్యమం మీద రుద్ది, ముక్కను అక్కడే వదిలేయండి. టిష్యూకల్చర్‌వారు ఈ పనికి 523 అనే మాధ్యమాన్ని ఎక్కువగా వాడతారు. లీటరుకు చక్కెర 10 గ్రాములు, కేసిన్ హైడ్రోలైజేట్ 8 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 4 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 2 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 0.15 గ్రాములు కలిపి, పీహెచ్‌ను 6.9కి సరిచేసి, అగార్ వేస్తే చాలు. పళ్ళేలను 28 నుంచి 30 డిగ్రీల దగ్గర ఉంచి, రెండు రోజులకే తీర్పు చెప్పకుండా మూడు వారాల వరకు గమనించండి, ఎందుకంటే కొన్ని చాలా నిదానంగా పెరుగుతాయి. ఒక్కసారి శుభ్రంగా వస్తే నమ్మరాదు. వరుసగా మూడు సబ్‌కల్చర్లలో ఏమీ లేవని తేలిన సంతతినే మాతృనిల్వగా (ముందు ముందు మొక్కలు పెంచడానికి ఆధారంగా) ఉంచుకోవాలి.

సెఫోటాక్సిమ్ సంగతికి వస్తే, ఆ మందు బ్యాక్టీరియా కణకవచ నిర్మాణాన్ని అడ్డుకుంటుంది. గోడ కట్టుకుంటూ విభజన చెందుతున్న కణానికే దానివల్ల చావు. కణజాలంలో కదలకుండా పడి ఉన్నది దానికి చిక్కదు. మందు తీసేయగానే వేర్ల మాధ్యమంలో మబ్బు తిరిగి రావడానికి కారణం ఇదే. మోతాదును 500కు పెంచితే మబ్బు మరికొంత కాలం దాగి ఉంటుంది, అంతే.

పిలక:

మాస్టారికీ, పరవాడ సభ్యులకూ కృతజ్ఞతలు. చెప్పినవాటిలో వెంటనే చేయగలిగినవి చేశాము. మొక్కలేని ఎమ్మెస్ సీసాలూ, వాటితో పాటు పెట్టిన న్యూట్రియెంట్ అగార్ సీసాలూ శుభ్రంగానే ఉన్నాయి కనుక ఆటోక్లేవ్ మీద అనుమానం తీరింది. లామినార్‌లో మూత తీసి ఉంచిన పళ్ళెంలోనూ ఏమీ లేవలేదు. స్పిరిట్ దగ్గర మాత్రం విషయం బయటపడింది. ఫోర్సెప్స్ ముంచే గ్లాసులోని స్పిరిట్‌ను ఫిల్టరు గుండా పోనిచ్చి, ఆ ఫిల్టరు పొరను న్యూట్రియెంట్ అగార్ మీద పరిస్తే, మరునాటికే అంచులు వంకరటింకరగా ఉన్న వెడల్పాటి మీగడ రంగు మచ్చలు పళ్ళెమంతా పాకాయి. కొత్త డబ్బా నుంచి తీసిన స్పిరిట్‌లో అవి లేవు. ఇప్పుడు గాజుపూసల స్టెరిలైజర్ తెప్పించాము.

523 మాధ్యమం మీద పరీక్ష కూడా మొదలుపెట్టాము. గ్రాండ్ నైన్‌లో కొన్ని సంతతులు శుభ్రంగానూ, కొన్ని మబ్బుతోనూ వస్తున్నాయి, మబ్బు వచ్చినవాటిని పారేయడానికి యాజమాన్యం ఒప్పుకున్నది. చిక్కల్లా కర్పూర చక్కెరకేళితోనే. మా దగ్గరున్న సంతతులన్నిటిలోనూ బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది. అన్నీ పారేస్తే మళ్ళీ మొదటి నుంచి రావాలి. వాటిని బాగుచేసే మార్గమేదీ లేదా?

కొవ్వూరు అరటి:

గోదావరి జిల్లాలో అరటి టిష్యూకల్చర్ పనిలోనే ఉన్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను. మాస్టారు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు, కానీ వ్యాపారపు లెక్క కూడా ఒకటి ఉంటుంది.

కర్పూర చక్కెరకేళి అంతరించిపోతున్న రకమేమీ కాదండి. కోస్తా జిల్లాల తోటల్లో పిలకలకు కొదవ లేదు. బాగుచేయడానికి పెట్టే మందుల ఖర్చు కంటే, పోయే విడతల ఖర్చు ఎక్కువ. అరటిలో సబ్‌కల్చర్ల సంఖ్య పెరిగేకొద్దీ రూపం మారిన మొక్కలు తేలే అవకాశం పెరుగుతుంది కనుక సుమారు 8 విడతల దగ్గర ఆపేయడం వాడుక. పాడైన సంతతిని మందులో రెండు మూడు విడతలు నడిపితే, ఆ 8లో రెండు మూడు విడతలు మొక్కల సంఖ్య పెంచకుండానే ఖర్చయిపోయినట్టే. కొత్త పిలకలు తేవడమే తేలిక. అరుదైన రకమైతే, అదీ ఒక్క గుబురు మాత్రమే దొరికితే, అప్పుడు యాంటీబయాటిక్ గురించి ఆలోచించవచ్చు.

అయితే పిలకలు తెచ్చే తీరు మారాలి. వానాకాలంలో బురద తోట నుంచి తీసిన పిలకను ఎంత కడిగినా లోపలి భారం తగ్గదు. వానలు వెనకబట్టిన తర్వాత, దుంపకుళ్ళు ఆనవాళ్ళు లేని తోటలో, గెల బాగా వేసిన తల్లిచెట్టు పక్కనున్న సన్నని ఆకుల సూది పిలకలను ఎంచుకోండి. వాటిని నేరుగా లామినార్‌కు తీసుకుపోకుండా, శుభ్రమైన ఇసుక, కొబ్బరిపొట్టు నింపిన కుండీల్లో, షేడ్‌నెట్ కింద కొన్ని వారాలు పెంచండి. నీరు మొక్క మొదలు దగ్గరే పోయాలి, ఆకుల మీద, మొవ్వులో పడనీయకూడదు. అలా వచ్చిన కొత్త ఎదుగుదల నుంచి తీసిన మొగ్గలో బ్యాక్టీరియా బాగా తక్కువగా ఉంటుంది. మొగ్గను కూడా రెండు సెంటీమీటర్ల దిమ్మగా పెట్టకండి. దుంప కండ ఎంత ఎక్కువ ఉంటే బ్యాక్టీరియా అంత ఎక్కువ. మైక్రోస్కోపు కింద అర మిల్లీమీటరు మెరిస్టెమ్ (మొగ్గ కొనలోని ఎదిగే కణజాలం) తీయగల నేర్పు మీ దగ్గర ఎవరికైనా ఉంటే అన్నింటికంటే శుభ్రమైనది అదే, కాకపోతే బతికేవి తక్కువ, ఎదగడానికి సమయం ఎక్కువ.

మరొకటి. కొంచెం మబ్బున్న మొక్కలను షేడ్‌నెట్‌కు పంపితే బతకవా అని మీ యాజమాన్యం అడగవచ్చు. చాలావరకు బతుకుతాయి కూడా. మట్టిలోకి వెళ్ళాక ఆ బ్యాక్టీరియా ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. నష్టం జరిగేది సీసాలోనే, వేర్లు సరిగా రాకపోవడంతో హార్డెనింగ్‌లో (సీసా మొక్కను బయటి వాతావరణానికి అలవాటు చేసే దశలో) మొక్కలు పోతాయి. కాబట్టి ఆఖరి విడతలో మబ్బు కనిపించిన బలమైన మొక్కలను పంపడం వేరు, అదే గుబురును మళ్ళీ కోసి పెంచడం వేరు. మొదటిది నేను చేస్తాను, రెండోది చేయను.

ధ్రువీకరణ ఉందిగదా అని ధీమాగా ఉండడానికీ వీల్లేదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006 నుంచి నడుపుతున్న టిష్యూకల్చర్ మొక్కల ధ్రువీకరణ పద్ధతిలో వెర్రితల, బ్రాక్ట్ మొజాయిక్, కుకుంబర్ మొజాయిక్, స్ట్రీక్ వైరస్‌ల వంటి వాటినీ, మొక్కల జన్యు ఏకరూపతనూ చూస్తారు. వైరస్ లేని మొక్కలో బ్యాక్టీరియా ఉండకూడదన్న నియమమేమీ ప్రకృతిలో లేదు. అటు యాంటీబయాటిక్‌లకు వైరస్ లొంగదు. ఈ రెండు లెక్కలూ విడివిడిగా చూసుకోవలసినవే.

పరవాడ మైక్రో:

కొవ్వూరు సభ్యుల లెక్కతో ఏకీభవిస్తున్నాను. అయినా అరుదైన రకం ఎదురైనప్పుడు మందు ఎలా ఎంచుకోవాలో కూడా చెప్పుకోవడం అవసరం. ఊహ మీద సెఫోటాక్సిమ్ పోయడం ఆసుపత్రుల్లోనూ మంచిది కాదు, సీసాల్లోనూ మంచిది కాదు.

ముందు మబ్బులోని బ్యాక్టీరియాను 523 మీద విడదీసి, గాజుపలక మీద ఒక చుక్క 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కలిపి లూప్‌తో పైకెత్తండి. జిగురు తీగలా సాగితే గ్రామ్ నెగటివ్, సాగకపోతే గ్రామ్ పాజిటివ్ (కణకవచాన్ని బట్టి బ్యాక్టీరియాలో రెండు తరగతులివి). ఖర్చు లేని పరీక్ష ఇది. స్పిరిట్ గ్లాసులో మీకు దొరికినది బాసిల్లస్ అయితే, వాటిలో చాలా రకాలు సెఫోటాక్సిమ్ వంటి మందులను విరిచే ఎంజైమును తయారుచేసుకుంటాయి. అక్కడ మోతాదు రెట్టింపు చేసినా ఫలితం ఉండదు.

తర్వాత ఏ మందుకు లొంగుతుందో చూడాలి. ఇక్కడ ఒక చిక్కున్నది. పరీక్షల్లో వాడే అగార్ తటస్థంగా ఉంటుంది, మీ ఎమ్మెస్ ఆమ్లంగా ఉంటుంది, పైగా అందులో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటివి ఈ రెండు కారణాలవల్ల బాగా బలహీనపడతాయి. పళ్ళెంలో అద్భుతంగా పనిచేసిన మందు సీసాలో చేతులెత్తేయడం ఇందుకే. కాబట్టి పరీక్షను ఎమ్మెస్ ద్రవంలోనే చేసి, బ్యాక్టీరియా ఆగిపోయిన గొట్టం నుంచి ఒక చుక్క తీసి మందులేని 523 మీద వేయండి. అక్కడ మళ్ళీ లేస్తే ఆ మోతాదు ఆపింది కానీ చంపలేదు. చంపే మోతాదు మొక్కకు సరిపడకపోతే ఆ మందు మీకు పనికిరాదు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వంటివి మొక్కల క్లోరోప్లాస్టు (ఆకుకు పచ్చదనమిచ్చే భాగం) లోపల ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములను కూడా దెబ్బతీస్తాయి కనుక ఆకులు తెల్లబడితే ఆశ్చర్యపోకండి.

సెఫోటాక్సిమ్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. 0.22 మైక్రాన్ల ఫిల్టరు గుండా, మాధ్యమం 50 డిగ్రీలకు చల్లారిన తర్వాతే కలపాలి. సీసాలో కొన్ని వారాలకు దాని బలం తగ్గిపోతుంది. మందు పని ముగిసిందని చెప్పాలంటే మందులేని మాధ్యమంలో రెండు విడతలు నడిపి, మళ్ళీ 523 పరీక్షకు నిలవాలి.

ఐసోథయాజోలోన్ ప్రిజర్వేటివ్ సంగతి. లీటరుకు 0.5 నుంచి 1 మిల్లీలీటరు మోతాదులో అది గాలి నుంచి పడే ఒకటీ అరా కణాలను అణచగలదు, వేడికి తట్టుకుంటుంది కూడా. మొక్క లోపల స్థిరపడినదాన్ని ఆ మోతాదు తీసేయదు. దాగి ఉన్నదాన్ని మరింత దాచి మీ పరీక్షను తప్పుదారి పట్టించే ప్రమాదం మాత్రం ఉన్నది. మాతృనిల్వ సీసాల్లో అసలు వాడకండి. పాడైన సీసాలను, ముఖ్యంగా యాంటీబయాటిక్ ఉన్నవాటిని, మూత తీయకుండా ఆటోక్లేవ్ చేసిన తర్వాతే కడుగుడు గదికి పంపండి. కడిగే మనిషి చేతులే రేపు మళ్ళీ మీ సీసాలను ముట్టుకుంటాయి.

పిలక:

సరేనండి, కర్పూర చక్కెరకేళికి కొత్త పిలకలే తెచ్చి కుండీల్లో పెడతాము, పాతవాటిని ఆటోక్లేవ్ చేసి పారేస్తాము. చివరిగా ఒక ప్రశ్న. మెర్క్యూరిక్ క్లోరైడ్ కడిగిన నీటిని ఏం చేయాలి? దాన్ని పూర్తిగా మానేయవచ్చా?

ఉక్కునగరం మాస్టారు:

మానేయవచ్చు, మానేయడమే మంచిది. పాదరసం ఏ పద్ధతిలోనూ నశించదు. సింకులో పోసినది ఎక్కడికో వెళ్ళి చేపల్లో పేరుకుంటుంది, మన ఊరికి సముద్రమెంత దూరమో మీకు తెలుసు. ఇంతవరకు వాడిన ద్రావణాన్నీ, మొదటి కడుగు నీటినీ మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ క్యానులో పోసి, పేరూ తేదీ రాసి, తాళం ఉన్న చోట ఉంచండి. లోహపు డబ్బా వాడకండి, తినేస్తుంది. ఆటోక్లేవ్‌లో పెట్టవద్దు, బ్లీచింగ్‌తో కలపవద్దు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సంస్థకే అప్పగించి రసీదు తీసుకోండి.

దాని బదులు హైపోక్లోరైట్‌నే రెండు విడతలుగా వాడండి. మొదట పొరలు ఒలిచాక, తర్వాత లామినార్‌లో మరో రెండు పొరలు తీసి మొగ్గ చిన్నదయ్యాక, రెండోసారి తక్కువ గాఢతలో. ఎండాకాలంలో క్యానులోని హైపోక్లోరైట్ బలం తొందరగా పోతుంది, చీటీ మీద 4 శాతమని ఉన్నా లోపల సగం కూడా ఉండకపోవచ్చు. చిన్న సీసాల్లో కొని, చల్లగా, వెలుతురు తగలకుండా ఉంచి, నెలకొకసారి అయోడిన్ టైట్రేషన్‌తో లభ్యమయ్యే క్లోరిన్ ఎంతో చూసుకోండి. దానిలో ఆమ్లం గానీ స్పిరిట్ గానీ పొరపాటున కూడా కలపకూడదని కొత్తగా చేరే పిల్లలకు మొదటి రోజే చెప్పండి.